ఇందులో ఒకటో పుస్తకం ఏది?

కిందటేడు మా అన్నయ్య కూతుర్ని హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి తీసుకెళ్లాను. తొమ్మిదో తరగతి చదువుతోంది. స్పైడర్‌మ్యాన్ సినిమాలన్నీ చూసింది కాబట్టి ఆ కామిక్సు కొనుక్కుంటానంది. ఒక స్టాల్లో పది నిమిషాలు నిలబడి అట్టలు తిరగేసింది. చివరికి నా వైపు తిరిగి, "బాబాయ్, ఇందులో ఒకటో పుస్తకం ఏది?" అని అడిగింది. నాకు తెలియలేదు. స్టాల్ అబ్బాయిని అడిగితే, "ఒకటోది అంటూ ఏం ఉండదండీ, ఎక్కణ్నుంచైనా మొదలుపెట్టొచ్చు" అన్నాడు. పాపం, అతను ఉన్నమాటే చెప్పాడు. కానీ ఆ పిల్ల ముఖంలో ఉత్సాహం పోయింది. పక్క అరలో ఒకే కథ తాలూకు పుస్తకాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని వెన్ను మీద ఒక అంకె. 1 నుంచి 27 దాకా. ఆమె ఒకటోది తీసుకుని బిల్లు కట్టే వైపు నడిచింది.

మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు, అమెరికన్ కామిక్స్ కంటే ఎందుకు నచ్చుతాయని అడిగితే చాలామంది పెద్ద కళ్లు, అదిరిపోయే ఫైట్లు, టీవీలో చూసిన యానిమే, అంటే జపాన్ కార్టూన్లు, అంటారు. అవన్నీ నిజమే. మన పిల్లలు తెలుగు డబ్బింగ్‌లో డోరేమాన్, షించాన్ చూస్తూ పెరిగారు కాబట్టి ఆ గీత వాళ్ల కంటికి కొత్త కాదు. కానీ నేను ఈ రెండు రకాలూ చాలా ఏళ్లుగా చదువుతున్నాను. నాకు అర్థమైనంత వరకు అసలు కారణం మా పిల్ల అడిగిన ప్రశ్నలోనే ఉంది. ఈ కథ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది, ఎవరు చెబుతున్నారు? మాంగాలో ఈ మూడింటికీ సాధారణంగా సూటి జవాబు ఉంటుంది. అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో చాలాసార్లు ఉండదు. ఆ తేడా వెనక ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది.

1938లో జెర్రీ సీగెల్, జో షస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు తాము పుట్టించిన సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ 130 డాలర్లకు ప్రచురణ సంస్థకు రాసిచ్చేశారు. అమెరికాలో అప్పటి పద్ధతే అది. గీసినవాడికి పేజీకింత అని డబ్బులు, పాత్ర మాత్రం కంపెనీది. రచయితలు వస్తారు, వెళ్తారు. పాత్ర మాత్రం వచ్చే నెల కూడా అమ్ముడుపోవాలి. అందుకని అది ముసలిదవకూడదు, పూర్తిగా చావకూడదు, గుర్తుపట్టలేనంతగా మారకూడదు. 1992 చివర్లో సూపర్‌మ్యాన్ చనిపోతే అమెరికాలో జనం షాపుల ముందు క్యూలు కట్టి ఆ సంచిక కొన్నారు. ఏడాది తిరక్కుండానే ఆయన లేచి వచ్చాడు.

స్పైడర్‌మ్యాన్ విషయం నాకు ఇంకా బాధగా ఉంటుంది. 1987లో పీటర్ పార్కర్ మేరీ జేన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఇరవై ఏళ్ల పాటు వాళ్ల కాపురాన్ని పాఠకులు చూశారు. పెళ్లయిన హీరో కుర్రాడిలా అనిపించడని సంపాదకులకు తోచింది. 2007లో ఒక కథ వేశారు. అందులో అత్త ప్రాణం కాపాడుకోవడానికి పీటర్ ఒక పిశాచంతో ఒప్పందం చేసుకుంటాడు. బదులుగా ఆ పిశాచం వాళ్ల పెళ్లిని అసలు జరగనే లేదన్నట్టు చెరిపేస్తుంది. ఇరవై ఏళ్లుగా నెలనెలా డబ్బులు పెట్టి కొన్న పాఠకుడి దృష్టితో ఒక్కసారి ఆలోచించండి. తను చదివిన కాపురం ఇప్పుడు లేదు. 2011 సెప్టెంబర్లో ఇంకో పెద్ద కంపెనీ ఏకంగా 52 పుస్తకాల్ని మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. కొత్తవాళ్లకు సులువుగా ఉంటుందన్నది ఉద్దేశం. పాతవాళ్లకు మాత్రం తమ జ్ఞాపకాలు దేనికీ పనికిరావని చెప్పినట్టయింది.

ఇప్పుడు జపాన్ వైపు చూడండి. అకిరా తోరియామా 1984లో డ్రాగన్ బాల్ మొదలుపెట్టినప్పుడు గోకూ అడవిలో ఒంటరిగా ఉండే, తోక ఉన్న చిన్న పిల్లాడు. కథతో పాటే పెరిగాడు. పెళ్లయింది, కొడుకులు పుట్టారు. 1995లో 42 సంపుటాల కథ ముగిసేసరికి మనవరాలు కూడా ఉంది. తర్వాత దానికి కొనసాగింపులు వచ్చాయి, అది వేరే సంగతి. ఆ పదకొండేళ్లలో పన్నెండేళ్ల పాఠకుడు ఇరవై మూడేళ్ల వాడయ్యాడు, అతనితో పాటు గోకూ కూడా పెద్దవాడయ్యాడు. జపాన్‌లో పాత్ర మీద కాపీరైటు సాధారణంగా రచయితదే. సంస్థ దాన్ని పత్రికలో వేసుకుంటుంది, పుస్తకాలుగా అచ్చేస్తుంది. కథను వేరేవాడి చేతికి ఇచ్చి ఇంకో యాభై ఏళ్లు నడిపించెయ్యడం అంత సులువు కాదు.

మా పిల్ల కొన్న 27 సంపుటాల కథ ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్. రాసి గీసినది హిరోము అరకావా, హొక్కైదో ద్వీపంలో పాడి రైతుల కుటుంబంలో పుట్టిన మహిళ. 2001లో మొదలై 2010లో ముగిసింది. ఇద్దరు అన్నదమ్ములు చనిపోయిన తల్లిని రసవిద్యతో బతికించబోతారు. తల్లి రాదు. అన్న ఒక చెయ్యీ ఒక కాలూ పోగొట్టుకుంటాడు, తమ్ముడికి ఒళ్లే లేకుండా పోతుంది. పోయినవాళ్లు తిరిగి రారు అన్న ఒక్క నిజం మీద మొత్తం కథ నిలబడింది. ఏడాదికోసారి చచ్చి బతికే హీరోల లోకంలో ఈ కథ చెప్పడానికే వీల్లేదు. చెప్పినా ఎవరూ నమ్మరు.

అందులో ఒక సైనికాధికారి అంత్యక్రియల ఘట్టం ఉంది. అతని చిన్న కూతురికి చావంటే ఏమిటో తెలియదు. నాన్నను ఎందుకు మట్టిలో పెడుతున్నారు, నాన్నకు బోలెడు పని ఉంది కదా అని తల్లిని అడుగుతుంది. తర్వాత సమాధి దగ్గర అతని స్నేహితుడు టోపీ సర్దుకుంటూ వాన మొదలైందంటాడు. పక్కనున్న ఆఫీసరమ్మ వాన ఏదీ లేదే అంటుంది. అప్పుడు అతని చెంప మీద జారిన చుక్క మనకు కనిపిస్తుంది. నేను చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ మనిషి మిగతా సంపుటాల్లో ఎక్కడా లేచి రాడు. అతను లేడన్న లోటు చివరి దాకా మిగతా పాత్రల్ని తోలుతూనే ఉంటుంది.

మరి అమెరికా కామిక్స్ మొదటి నుంచీ సూపర్‌హీరోల చుట్టూనే తిరిగాయా? లేదు. 1950ల మొదట్లో అక్కడ ప్రేమ కథలు, నేర కథలు, దెయ్యాల కథలు, కౌబాయ్ కథలు అన్నీ అచ్చయ్యేవి. అమ్మాయిలూ చదివేవారు, పెద్దవాళ్లూ చదివేవారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు, కామిక్స్ వల్లే పిల్లలు నేరస్థులవుతున్నారని ఒక పుస్తకం రాశాడు. సెనేట్ కమిటీ విచారణ పెట్టింది. భయపడిన ప్రచురణకర్తలు ప్రభుత్వం చట్టం చేసేలోపు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. మంచే గెలవాలి. పోలీసుల్నీ జడ్జీల్నీ అగౌరవంగా చూపకూడదు. రక్తపిశాచాలు, నడిచే శవాలు ఉండకూడదు. విడాకుల్ని మంచి విషయంగా చూపకూడదు. ఈ నియమాలు పాటించినట్టు అట్ట మీద ముద్ర లేకపోతే పంపిణీదార్లు పుస్తకం ముట్టుకునేవాళ్లు కాదు. కొన్ని సంస్థలు మూతపడ్డాయి. ఆ ముద్ర పూర్తిగా కనుమరుగైంది 2011లో. ఇన్నేళ్ల ఆంక్షల్లో ఇబ్బంది లేకుండా బతకగలిగిన కథ ఏదంటే, మంచివాడు ముసుగేసుకుని చెడ్డవాణ్ని కొట్టే కథ.

దానికి తోడు 1970ల నుంచి అమ్మకాలు కిరాణా కొట్లు, పేపర్ స్టాండ్ల నుంచి మెల్లగా కామిక్స్ మాత్రమే అమ్మే ప్రత్యేక దుకాణాలకు మళ్లాయి. అక్కడ షాపువాడు అమ్ముడుపోని కాపీలు వెనక్కి ఇవ్వలేడు. అందుకని ఎప్పుడూ వచ్చే పాత ఖాతాదార్లకు సరిపోయినన్నే తెప్పిస్తాడు. పాతవాళ్లకు నచ్చేదే అచ్చవుతుంది, కొత్తవాళ్లు గుమ్మం తొక్కడానికి జంకుతారు. ఇరవై ఏళ్ల కథ తెలిసినవాళ్లకే అర్థమయ్యే కథలు అలా పెరిగాయి.

జపాన్‌లో యుద్ధం తర్వాత చేతిలో డబ్బుల్లేని పిల్లలకు అద్దె పుస్తకాల కొట్లు దిక్కు. మన దగ్గర వీధి చివర అద్దె లైబ్రరీల్లో రోజుకు పావలా, అర్ధరూపాయి ఇచ్చి నవలలు తెచ్చుకున్నవాళ్లకు ఆ వాతావరణం వెంటనే అర్థమవుతుంది. 1947లో ఒసాము తెజుకా అనే వైద్య విద్యార్థి గీసిన ఒక చవక పుస్తకం, పేజీల మీద సినిమా కెమెరా తిరుగుతున్నట్టు ఉందని పిల్లల్ని ఊపేసింది. తర్వాతి తరం మాంగా రచయితల్లో చాలామంది ఆ పుస్తకం చదివే ఈ దారి పట్టారు. 1959 మార్చిలో రెండు వారపత్రికలు పోటీగా మొదలయ్యాయి. పిల్లలకు చెడు నేర్పుతున్నాయన్న గొడవ జపాన్‌లోనూ లేచింది, 1955లో తల్లిదండ్రులు ఉద్యమమే చేశారు. కానీ అమెరికాలోలాగా పరిశ్రమ మొత్తాన్ని ఇరుకు చేసే నియమావళి రాలేదు.

కుర్రాళ్లు పెద్దవాళ్లయ్యాక పత్రికలు వాళ్ల వెంటే నడిచాయి. అబ్బాయిలకు షోనెన్, అమ్మాయిలకు షోజో, ఎదిగిన మగవాళ్లకు సీనెన్, ఎదిగిన ఆడవాళ్లకు జోసే. ఇవి కథల రకాలు కావు, ఏ పత్రిక ఎవరి కోసం అన్న లెక్క. 1970లలో మోతో హగియో, కేకో తకెమియా లాంటి యువ రచయిత్రులు అమ్మాయిల పత్రికల్ని చేతిలోకి తీసుకున్నారు. అంతకు ముందు అమ్మాయిల కథలు కూడా ఎక్కువగా మగవాళ్లే గీసేవాళ్లు. వీళ్లొచ్చాక ఆ పేజీల్లో మనసు లోపలి సంగతులు, సైన్స్ ఫిక్షన్, చరిత్ర అన్నీ చేరాయి. అందుకే వంట మీద, గో అనే బోర్డు ఆట మీద, వ్యవసాయ పాఠశాల మీద, బాస్కెట్‌బాల్ మీద సంపుటాలకు సంపుటాలు ఉన్నాయి. అమెరికాలో 2000ల మొదట్లో మాంగా మామూలు పుస్తకాల షాపుల్లోకి వచ్చినప్పుడు అక్కడ నేల మీద కూర్చుని చదివినవాళ్లలో అమ్మాయిలు చాలామంది. కామిక్స్ దుకాణం తమది కాదనుకున్నవాళ్లకు ఒక అర దొరికింది.

ఇంక పేజీ సంగతి. అమెరికన్ నెలవారీ కామిక్‌లో కథ ఇరవై పేజీలకు కాస్త అటూ ఇటూ. రంగుల్లో, నునుపు కాగితం మీద, నాలుగైదు డాలర్లు. ఆ ఇరవై పేజీల్లో కథ ఒక అడుగు ముందుకు పడాలి, కాబట్టి ప్రతి గడీ, అంటే ఒక్కో బొమ్మ ఉండే చట్రం, మాటలతో నిండిపోతుంది. వారపత్రికలో వచ్చే మాంగా అధ్యాయం కూడా దాదాపు అంతే, పంతొమ్మిది పేజీలు. అయితే అది ప్రతి వారం వస్తుంది. నలుపు తెలుపులో, చవక కాగితం మీద. తర్వాత దాదాపు రెండొందల పేజీల సంపుటంగా కూడుతుంది. పేజీలకు కరువు లేదు కాబట్టి రచయిత ఆగగలడు. వాన పడుతున్న కిటికీకి ఒక గడీ, ఖాళీ తరగతి గదికి ఒక గడీ, మాట్లాడబోయి ఆగిపోయిన పెదాలకు ఒక గడీ ఇవ్వగలడు.

తకెహికో ఇనోయె 1990 నుంచి 1996 దాకా గీసిన స్లామ్ డంక్ చివరి మ్యాచ్ దీనికి మంచి ఉదాహరణ. కిక్కిరిసిన స్టేడియం, ఆఖరి క్షణాలు, ఒక్క పాయింటు తేడా. మామూలుగా అయితే అరుపులు, చప్పట్లు, బంతి చప్పుడు అన్నీ అక్షరాల్లో గీస్తారు. ఇనోయె వాటన్నిటినీ తీసేశాడు. మాటల బుడగలు దాదాపు లేవు, చప్పుడు అక్షరం లేదు. పరుగెత్తే కాళ్లు, గాల్లో చెమట, పైకి లేచిన చెయ్యి మాత్రం మిగిలాయి. పేజీ తిప్పిన కొద్దీ ఊపిరి బిగబట్టేస్తాం. నాకు బాస్కెట్‌బాల్ నియమాలు సరిగ్గా తెలియవు. అయినా మొదటిసారి చదువుతున్నప్పుడు టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి.

చప్పుళ్ల విషయంలో జపాన్ భాషకూ తెలుగుకూ ఒక దగ్గరితనం ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఇంగ్లీషు కామిక్స్‌లో ఎక్కువగా దెబ్బలకూ పేలుళ్లకూ శబ్దాలుంటాయి. జపాన్ భాషలో గుండె కొట్టుకుంటే దోకి దోకి, మెరిస్తే కిరా కిరా, ఉరిమితే గొరో గొరో. అన్నీ జంట మాటలు. మనకూ అంతే కదా: గుండె దడదడ, నక్షత్రం మిలమిల, చినుకులు చిటపట, గాజులు గలగల. మిలమిలకు చప్పుడేముంది? చెవికి వినిపించని దాన్ని కూడా మాటతో వినిపించడం రెండు భాషలకూ చేతనవును. అయితే వాళ్ల దగ్గర ఇంకో అడుగు ఉంది. ఏ చప్పుడూ లేకపోతే దానికీ ఒక చప్పుడు రాస్తారు: షీన్. ఖాళీ గడీ మీద ఆ రెండు మూడు అక్షరాలు కనబడితే ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసిపోతుంది.

వారంవారం సీరియల్ అన్నదే తెలుగు పాఠకుడికి బాగా తెలిసిన రుచి. సరిగ్గా తలుపు చప్పుడైన చోట "సశేషం" అని ఆపేస్తే, వచ్చే వారం పత్రిక కోసం ఇంట్లో అక్కాచెల్లెళ్లు పోట్లాడుకున్న రోజులు చాలా ఇళ్లలో ఉన్నాయి. వీక్లీ షోనెన్ జంప్ 1968లో మొదలైంది. అందులో ఒకేసారి ఇరవై దాకా సీరియళ్లు నడుస్తాయి. పాఠకులు పోస్టుకార్డు మీద ఆ సంచికలో తమకు బాగా నచ్చిన మూడు కథల పేర్లు రాసి పంపేవాళ్లు. ఓట్లు రాని కథ పది పదిహేను వారాల్లో ఆగిపోయేది. 1990ల మధ్యలో ఆ పత్రిక ఒక్క సంచిక 65 లక్షల కాపీలు దాటింది. పన్నెండేళ్ల పిల్లాడి కార్డుకు అంత బరువున్నప్పుడు, రచయిత ప్రతి వారం ఆఖరి పేజీని ఎంత జాగ్రత్తగా గీస్తాడో ఊహించుకోవచ్చు.

ఆ వేగానికి మూల్యం కట్టేది రచయిత ఒళ్లు. వారానికి పంతొమ్మిది పేజీలంటే సహాయకులున్నా సరిగ్గా నిద్ర ఉండదు. నడుము నొప్పితో యోషిహిరో తొగాషి తన కథను ఏళ్ల తరబడి ఆపాల్సి వచ్చింది. 1989 నుంచి బెర్సెర్క్ గీస్తున్న కెంతారో మియురా 2021 మేలో 54 ఏళ్లకే చనిపోయారు, కథ పూర్తి కాలేదు. పాఠకులు ఆనందించే వేళ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పరిశ్రమ దీన్ని ఇంకా సరిదిద్దుకోలేదు.

మియురా పోయాక జరిగింది మాత్రం నేను చెబుతున్న తేడాను బాగా చూపిస్తుంది. ఆయన హైస్కూలు నాటి స్నేహితుడు కౌజీ మోరికి కథ చివర ఎలా ఉంటుందో మియురా ఎప్పుడో చెప్పారు. 2022లో మోరి పర్యవేక్షణలో మియురా శిష్యులు కథను తిరిగి మొదలుపెట్టారు. మియురా తనకు చెప్పినదే రాస్తానని, చెప్పనిది సొంతంగా కల్పించనని మోరి పాఠకులకు ముందే మాటిచ్చారు. వేరేవాడు కొనసాగించొచ్చా అని అభిమానులు రోజుల తరబడి తర్జనభర్జన పడ్డారు. సూపర్‌మ్యాన్ విషయంలో ఈ ప్రశ్న ఎవరికీ రాదు.

ఇదంతా విని జపాన్‌ది బంగారం, పాశ్చాత్యులది మట్టి అనుకుంటే పొరపాటు. షించాన్ రచయిత పోయాక ఆ కథనూ సహాయకులు కొనసాగించారు. చాలా మాంగాలు పత్రిక అమ్మకాల కోసం సాగదీసి సాగదీసి రుచి పోగొట్టుకున్నాయి. ఆడపిల్లల్ని చూపించే తీరు కొన్నింట్లో నాకు అసలు నచ్చదు, మా పిల్ల చేతికి ఇచ్చే ముందు నేనొకసారి తిరగేస్తాను. అటు పాశ్చాత్యమంటే సూపర్‌హీరోలే కాదు. యూదుల మారణహోమం మీద ఆర్ట్ స్పీగల్‌మన్ గీసిన మౌస్ 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం అందుకుంది. ఫ్రాన్స్, బెల్జియంలలో పిల్లలూ పెద్దలూ కలిసి చదివే ఆల్బమ్‌ల, అంటే బొమ్మల కథల పుస్తకాల, సంప్రదాయం ఎప్పటి నుంచో ఉంది. అదే ఫ్రాన్స్‌లో మాంగా కూడా విపరీతంగా చదువుతారు. నచ్చిన కథ ఏ దేశానిదైనా, మొదలూ తుదీ ఉండి ఒక మనిషి గొంతు వినిపిస్తే ఈ పాఠకులు వెళ్తారు. అమెరికాలో ఇప్పుడు బళ్లల్లో పిల్లలు ఎగబడి చదివే గ్రాఫిక్ నవలలు కూడా చాలావరకు ఒకే రచయిత చెప్పే, పుస్తకాల షాపులో దొరికే కథలే.

మా పిల్ల ఇప్పుడు పదకొండో సంపుటంలో ఉంది. మొదటి రోజు వాళ్ల నానమ్మ, అంటే మా అమ్మ చూసి, "అదేంటే, పుస్తకం చివర్నుంచి చదువుతున్నావ్" అంది. మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలని, ఒకప్పుడు అమెరికావాళ్లు పేజీల్ని అద్దంలోలా తిప్పి అచ్చేసేవాళ్లని, అప్పుడు కుడిచేతి వాటం మనుషులంతా ఎడమచేతి వాళ్లయిపోయేవాళ్లని మనవరాలు నానమ్మకు వివరంగా చెప్పింది. 2002 ప్రాంతంలో తిప్పడం మానేసి ఉన్నదున్నట్టు అచ్చేస్తే పని తగ్గింది, ధర తగ్గింది, అసలు పుస్తకమే చేతికొచ్చినట్టుందని పాఠకులూ సంతోషించారు.

ఆమె చదివేది ఇంగ్లీషు అనువాదమే. పోయిన ఆదివారం ఒక పేజీ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో చప్పుళ్ల అక్షరాలు జపాన్ లిపిలోనే ఉన్నాయి, పక్కన చిన్న ఇంగ్లీషు అచ్చు. "బాబాయ్, ఇవి తెలుగులో అయితే ఎలా ఉంటాయి?" అంది. ఇద్దరం పెన్సిల్ తీసుకుని కూర్చున్నాం. ఇనుప బూట్ల అడుగులకు ధనధన అని తను రాసింది, నేను టకటక అన్నాను, తన మాటే నెగ్గింది. మెరుపుకు ఫెళఫెళ. వంటింట్లోంచి మా అమ్మ, నూనెలో పడేదానికి చుయ్యిమని రాయండర్రా అంది. ఆఖరి గడీలో ఒక కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పక్కన షీన్. చాలాసేపు ఆలోచించాం. ఆ ఒక్క గడీ పక్కన ఇంకా ఏమీ రాయలేదు.